రెండు వేళ్ళు కుడికి

బూరగవలస వన్యప్రాణి మత్తు కేంద్రంలో గురి చూసి కొట్టగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు. అతని పేరు పిన్నింటి తవిటినాయుడు. ఉద్యోగం సాంకేతిక సహాయకుడు. కొండ దిగి జీడితోటల్లోకి, తోటలు దాటి ఊళ్ళలోకి వచ్చే ఎలుగుబంట్లకు మత్తుసూది వేసి, బోనులో పెట్టి, మళ్ళీ కొండకు చేర్చడం ఆ కేంద్రం పని. పదిహేడేళ్ళలో తవిటినాయుడు నలభై మూడు ఎలుగులను నిద్రపుచ్చాడు. ఇంట్లో పిల్లదాన్ని మాత్రం ఒక్కనాడూ నిద్రపుచ్చిన పాపాన పోలేదని అతని భార్య అంటుండేది.

అన్నేళ్ళూ సూదిని తుపాకీతోనే కొట్టేవారు. ఆ ఏడాది వేసవికి ముందు శేషాచలపతిగారు సంచాలకులుగా వచ్చారు. ఆయన ఎక్కడో ఒక సదస్సుకు వెళ్ళి, తుపాకీ చప్పుడుకు వన్యప్రాణుల మనసు నొచ్చుకుంటుందని విని వచ్చారు. నెల తిరక్కుండా తుపాకులు బీరువాలోకి వెళ్ళాయి, మూడు క్రాస్‌బోలు దిగాయి. తుపాకీ కట్టెలాంటి దానికి ముందువైపు అడ్డంగా విల్లు బిగించి ఉంటుంది. పైన చిన్న దుర్భిణిలాంటి స్కోపు ఉంటుంది. స్కోపులో కనిపించే ప్లస్ గుర్తును లక్ష్యం మీద ఆనించి మీట నొక్కితే, సూది చప్పుడు లేకుండా వెళ్ళి దిగుతుంది. దిగాలి.

తవిటినాయుడు కేంద్రం వెనక ప్రహరీకి వలయం గీసిన అట్టముక్క కట్టి, ముప్పై గజాలనుంచి నాలుగు రోజులు కొట్టి చూశాడు. ఒకసారి సూది వలయం మధ్యలో దిగేది, ఒకసారి రెండు వేళ్ళు కుడికి పోయేది, ఇంకోసారి రెండు వేళ్ళు కిందికి. చెయ్యి వణుకుతోందేమోనని మొదట తననే అనుమానించాడు. ఐదో రోజు క్రాస్‌బోను బల్లకు గట్టిగా బిగించి, చెయ్యి తగలకుండా స్కోపులో కన్ను మాత్రం అటూ ఇటూ జరిపి చూశాడు. క్రాస్‌బో కదలలేదు, అట్టముక్క కదలలేదు, ప్లస్ గుర్తు మాత్రం అట్టమీద అటూ ఇటూ జారింది. అప్పుడతనికి సంగతి తెలిసింది. తయారుచేసినవాళ్ళు ఆ స్కోపును పదిగజాల దూరానికి సరిపెట్టి పంపారు. ఎలుగు ముప్పై గజాల దూరంలో ఉంటుంది. కన్ను అద్దానికి నడిమధ్యన ఉంటే చిక్కులేదు, అంచుకు జరిగితే గురి జరిగిపోతుంది.

ఆ జబ్బుకు మందు కూడా అతనికే తోచింది. పాత సైకిలు ట్యూబును బెత్తెడు కత్తిరించి, చెంప ఆనే చోట కట్టెకు అంటించాడు. ట్యూబు చెంపకు తగిలిందంటే కన్ను మధ్యలో ఉన్నట్టు. ఆ తర్వాత ఇరవై సూదులు వేస్తే ఇరవయ్యీ వలయంలోనే దిగాయి.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ అతను పద్ధతి తెలిసిన ఉద్యోగి. మిగతా రెండు క్రాస్‌బోలకూ ట్యూబు అంటించడానికి అనుమతి కోరుతూ ఉత్తరం రాశాడు. కార్యాలయ వ్యవహారాలన్నీ అచ్చ తెలుగులో జరగాలని సంచాలకులు అప్పటికే ఉత్తర్వు ఇచ్చి ఉన్నారు. ఈ జబ్బును ఇంగ్లీషులో పారలాక్స్ అంటారని తవిటినాయుడికి తెలుసు. తెలుగులో ఏమంటారో తెలియక హైస్కూల్లో సైన్సు మాస్టారిని అడిగితే, దృష్టిదోషం అని రాసెయ్యమన్నాడు. అతను అలాగే రాశాడు: స్కోపులయందు దృష్టిదోషము కలదు.

వారం తిరక్కుండా కేంద్రానికి కంటి వైద్యుల బృందం వచ్చింది. పదకొండు మంది సిబ్బందికీ గోడమీద అక్షరాలు చదివించారు. నలుగురికి కళ్ళజోళ్ళు రాసిచ్చారు. వంటమనిషికి శుక్లం ఉన్నట్టు తేలింది, అదొక్కటే ఈ వ్యవహారంలో జరిగిన మేలు. సూపరింటెండెంట్ త్రినాథరావు ముందుచూపున్న మనిషి. దృష్టిదోషం అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉందని ఆయనకు గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని ఆయుధాల గది గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించి, చర్య తీసుకోబడినది అని ఫైలు మూశాడు.

తవిటినాయుడు మళ్ళీ రాశాడు. ఈసారి సంచాలకులు అతన్ని స్వయంగా పిలిపించారు.

శేషాచలపతిగారికి మెడనొప్పి ఉంది. మెడ చుట్టూ పట్టీ వేసుకుని, తల తిప్పవలసి వచ్చినప్పుడల్లా భుజాలతో సహా తిరిగేవారు. అందువల్ల ఆయన ఏ మాట విన్నా చాలా ఆలోచించి వింటున్నట్టు ఉండేది. తవిటినాయుడు ఆయనకు తేలిగ్గా అర్థం కావాలని బొటనవేలు నిలబెట్టి ముఖానికి ఎదురుగా పెట్టుకోమన్నాడు. ఒక కన్ను మూసి కిటికీ ఊచలవైపు చూడమన్నాడు, తర్వాత రెండో కన్ను మూసి చూడమన్నాడు. వేలు కదపకపోయినా ఒక ఊచమీంచి ఇంకో ఊచమీదికి గెంతినట్టు కనిపిస్తుంది. స్కోపులో జరిగేది ఇదేనని, చూసే చోటు మారితే గురి మారుతుందని వివరించాడు.

సంచాలకులు బొటనవేలును చాలాసేపు చూశారు. ముందు ఎడమకన్ను, తర్వాత కుడికన్ను, తర్వాత మళ్ళీ ఎడమకన్ను మూశారు. ఆయన ముఖం క్రమంగా గంభీరమైంది.

“అంటే ఒకే లక్ష్యం విషయంలో ఉద్యోగికొక అభిప్రాయం ఉన్నదన్నమాట” అన్నారు.

అభిప్రాయం కాదు, కన్ను ఉండే చోటు అని తవిటినాయుడు అన్నాడు. సంచాలకులు అది విననేలేదు. ఒకే అధికారి కుడికన్నూ ఎడమకన్నూ పరస్పరం విభేదించుకోవడం ఆయన్ను బాగా కలవరపెట్టింది. ఇది పరికరంలో లోపం కాదు, క్రమశిక్షణలో లోపం అని ఆయన నిర్ణయించారు. సైకిలు ట్యూబు సంగతి చెబితే, ప్రభుత్వ ఆయుధానికి అనధికారిక రబ్బరు తగిలించినందుకు ముందు దాన్ని పీకెయ్యమన్నారు. తవిటినాయుడు పీకి జేబులో పెట్టుకున్నాడు.

పది రోజులకు ఏకదృష్టి విధానం వెలువడింది. దాని సారాంశం ఇది. లక్ష్యం ఎక్కడ ఉన్నదో నిర్ణయించే అధికారం ఇకమీదట ఎవరి కంటికి వారికి ఉండదు. కేంద్రంలో అందరికన్నా పై హోదాలో ఉన్న అధికారి కుడికన్ను ప్రామాణిక నేత్రంగా పరిగణించబడును. ప్రామాణిక నేత్రం ఖరారు చేసిన చోటే లక్ష్యం ఉన్నట్టు భావించవలెను.

ఖరారు కార్యక్రమం ఒక సోమవారం ఉదయం జరిగింది. క్రాస్‌బోను బల్లకు బిగించారు. మెడ వంచడానికి వీల్లేదు కాబట్టి సంచాలకులు కుర్చీలో నిటారుగా కూర్చునే, స్కోపు అంచుమీంచి చూశారు. అంచునుంచి చూస్తే సగం నలుపు కనిపిస్తుంది. నలుపు తెలుపు రెండూ కనిపించడం సమదృష్టికి నిదర్శనమని త్రినాథరావు అన్నాడు. బల్లను ఇంచు ఇంచుగా జరిపించి, ప్లస్ గుర్తు వలయం మధ్యన ఉన్నదని సంచాలకులు ప్రకటించాక మీట నొక్కారు. సూది వలయానికి రెండు వేళ్ళు కుడికి దిగింది.

తవిటినాయుడు మనసులో హమ్మయ్య అనుకున్నాడు. ఇక ఇంతకన్నా చెప్పేదేముంది, కళ్ళారా చూశారు కదా అనుకున్నాడు.

సంచాలకులు భుజాలతో సహా త్రినాథరావువైపు తిరిగి, వలయాన్ని రెండు వేళ్ళు కుడికి జరపమన్నారు.

జరిపారు. బిగించిన క్రాస్‌బోను అలాగే ఉంచి, మీట మాత్రం నొక్కుతూ పోతే ఆ రోజు వంద సూదులు వేశారు. వందా వలయంలోనే దిగాయి. దృష్టి ఖరారైపోయింది కాబట్టి ఇక స్కోపులో ఎవరూ చూడనవసరం లేదని సంచాలకులు అన్నారు. శుక్లం ఉన్న వంటమనిషి చేత కూడా ఒక సూది వేయించారు, అదీ తగిలింది. నూటికి నూరు శాతం గురి సాధించిన ఏకైక కేంద్రంగా బూరగవలసకు రాజధానినుంచి ప్రశంసాపత్రం వచ్చింది. దాని వెంటనే అనుబంధ ఉత్తర్వు కూడా వచ్చింది. అడవిలోనైనా ఊళ్ళోనైనా జంతువు కంటికి కనిపించే చోటికి రెండు వేళ్ళు కుడికి ఉన్నట్టు భావించవలెను. దానిని జంతువు అధికారిక స్థానము అందురు.

పశువైద్యురాలు డాక్టర్ షాహిదా కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. ఆమె ఉత్తర్వు చదివి తవిటినాయుడి దగ్గరకు వచ్చింది. సూది తొడ కండలో దిగాలని, కుడికి రెండు వేళ్ళు జరిగితే తుంటి ఎముకకు తగులుతుందని, ఎలుగు కుంటిదైపోతుందని చెప్పింది. ఏం చేద్దామని అడిగింది. తవిటినాయుడు జేబు తడుముకుని, ఎలుగులు ఈ ఏడాదికి కొండ దిగకుండా ఉంటే బాగుణ్ణని అన్నాడు.

ఏప్రిల్ రెండో వారంలో ఎలుగు దిగింది.

తోటవలసలో జీడిపిక్కలు కాల్చే షెడ్డు ఒకటి ఉంది. ఉదయం పదింటికి ఆడవాళ్ళు పిక్కలు కొడుతూ ఉండగా, పండిన జీడిమామిడి వాసనకు ఎలుగు పెరటి గోడ దూకి వచ్చింది. ఆడవాళ్ళు బయటికి పరుగెత్తి తలుపు గడియ పెట్టేశారు. షెడ్డు వెనక పెరట్లో, లోపలినుంచి ఎత్తైన గోడకూ ఇనపకంచెకూ మధ్య ఎలుగు చిక్కుపడిపోయింది. కేంద్రం జీపు వెళ్ళేసరికి రెండొందల మంది పోగై ఉన్నారు. చేతుల్లో గునపాలు, కర్రలు ఉన్నాయి. కొందరి దగ్గర పెళ్ళికి కొన్న బాణాసంచా ఉంది. నిరుడు ఇదే ఊళ్ళో ఎలుగు ఒకతని ముఖం చీల్చింది. వాళ్ళ కోపానికి కారణం ఉంది.

షెడ్డులో పని చేసే దాలమ్మ తవిటినాయుణ్ణి చూసి ఎదురు వచ్చింది. ఆమె పదేళ్ళుగా అతన్ని ఎరుగును.

“అది తల్లి బాబూ. మూడ్రోజుల కిందట నాను కొండకాడ సూసినాను. ఈపుమీద పిల్ల ఉన్నాది. ఇప్పుడు నేదు. ఏ రాతికాడో ఒగ్గేసి మేతకొచ్చినాది. ఈళ్ళు దీన్ని సంపేత్తే ఆ పిల్ల కూడా పోతాది” అంది.

తవిటినాయుడు కంచె దగ్గరకు వెళ్ళి చూశాడు. ఎలుగు బస్తాల పక్కన నిలబడి, గుంపు అరిచినప్పుడల్లా ఒక్కసారి లేచి మళ్ళీ కూలబడుతోంది. దూరం ముప్పై గజాలు. ఎడమ తొడ స్పష్టంగా కనిపిస్తోంది. అప్పుడే సంచాలకుల కారు వచ్చింది. ఆయన వెంట త్రినాథరావు, ఫొటోగ్రాఫరు, ఒక కొలబద్ద ఉన్నాయి.

అధికారిక స్థానం ఖరారయ్యేవరకు ఎవరూ తొందరపడరాదని సంచాలకులు మైకులో విజ్ఞప్తి చేశారు. కుర్చీ తెప్పించారు. మామూలు బల్ల దొరక్క, పిక్కలు కొట్టే పీట మీద క్రాస్‌బోను ఆనించారు. ఆయన నిటారుగా కూర్చుంటే స్కోపు ఆయన బొడ్డు ఎత్తున ఉంది. పీట కింద పీట పెట్టడానికి మనుషులు వెళ్ళారు. ఈలోగా ఎలుగు అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఖరారు కావలసిన తొడ కుడివైపుకు వచ్చింది. ఎలుగును యథాస్థానంలో నిలబెట్టే ఏర్పాటు చేయమని త్రినాథరావు గుంపును కోరాడు. గుంపు దానికి ఒప్పుకోలేదు. వెనకనుంచి ఎవరో బాణాసంచా సరం వెలిగించారు.

అది పెరట్లో పడి పేలింది. ఎలుగు కంచెమీదికి దూకింది. కంచె వంగింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు గునపాలు ఎత్తారు.

తవిటినాయుడు రెండో క్రాస్‌బో జీపులోంచి తీసి, జేబులోని ట్యూబుముక్కను కట్టెమీద పెట్టి దానిమీద చెంప ఆనించాడు. డాక్టర్ షాహిదా పక్కనే నిలబడి, తొడ, ఇంకాస్త పైకి, అక్కడ అంది. అతను మీట నొక్కాడు. సూది వెళ్ళిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. ఆ ఒక్క విషయంలో సదస్సు చెప్పింది నిజమే. ఎలుగు ఒకసారి తొడవైపు తిరిగి చూసుకుంది. తవిటినాయుడు గునపాలకూ కంచెకూ మధ్యన చేతులు చాచి నిలబడి, పదంటే పది నిమిషాలు ఆగమని బతిమాలాడు. దాలమ్మ, మిగతా ఆడవాళ్ళు వచ్చి అతని పక్కన నిలబడ్డారు. ఏడో నిమిషంలో ఎలుగు ముందరి కాళ్ళమీద తల పెట్టుకుని పడుకుంది.

బోనులోకి ఎక్కించే ముందు డాక్టర్ షాహిదా పరీక్ష చేసింది. చన్నుల్లో పాలు ఉన్నాయి. పిల్ల మరో రోజు, మహా అయితే రెండు రోజులు ఆగగలదని, మెలకువ రాగానే దీన్ని కొండకు చేర్చాలని తవిటినాయుడితో చెప్పింది.

ఆ మాట సంచాలకులతో చెప్పడానికి ఇద్దరూ మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళారు. ఆయన ముందు ఫొటో ఉంది. ఫొటోలో ఎలుగు తొడ, తొడలో సూది, సూది పక్కన కొలబద్ద ఉన్నాయి. సూది అధికారిక స్థానానికి రెండు వేళ్ళు ఎడమకు దిగినట్టు కొలబద్ద మీద స్పష్టంగా కనిపిస్తోంది.

“గురి తప్పింది” అన్నారు శేషాచలపతిగారు, బాధపడుతూనే.

ఎలుగు పడిపోయింది కదండీ అని తవిటినాయుడు అన్నాడు. పడిపోవడం వేరు, పడగొట్టడం వేరు అని సంచాలకులు వివరించారు. గురి తప్పిన సూది వల్ల జంతువు నిద్రపోయినట్టు రాస్తే, నూటికి నూరు శాతం అని వచ్చిన ప్రశంసాపత్రం ఏమవుతుంది? ఏకదృష్టి విధానం ఏమవుతుంది? అందుచేత ఎలుగు తనంతట తాను పడుకున్నట్టు నమోదు చేశారు. దానికి త్రినాథరావు స్వచ్ఛంద నిద్ర అని పేరు కూడా పెట్టాడు. స్వచ్ఛందంగా నిద్రపోయిన జంతువును పట్టుకున్నట్టు చూపడానికి నిబంధనల్లో చోటు లేదు. పట్టుకోని జంతువు బోనులో ఉండదు. కాబట్టి బోనుల రిజిస్టరులో ఆ రోజు తేదీకి ఎదురుగా ఖాళీ అని రాశారు.

డాక్టర్ షాహిదా కిటికీ తెరిచింది. ఎలుగుకు మెలకువ వచ్చినట్టుంది, కేంద్రం పెరట్లోని బోనులోంచి ఊచలు గీరుతున్న చప్పుడు గదిలోకి వినబడింది.

“సర్, అది లేకపోతే ఆ చప్పుడేమిటి?” అని అడిగింది.

చప్పుడు వినబడుతున్న మాట వాస్తవమేనని, స్థానం ఖరారు కాలేదని ఆయన అన్నారు. విడుదల ఉత్తర్వు అడిగితే, పట్టుబడని జంతువును విడుదల చేసే అధికారం తనకే కాదు, రాజధానిలో కూడా ఎవరికీ లేదన్నారు. పైకి రాస్తానని, మూడు నెలల్లో స్పష్టత రావచ్చని చెప్పారు. తవిటినాయుడు ఉత్తర్వు ఉల్లంఘించినందుకు సంజాయిషీ మాత్రం మూడు రోజుల్లో ఇవ్వాలి.

సాయంత్రం దాలమ్మ బుట్టెడు జీడిమామిడి పళ్ళు పట్టుకుని నడిచి వచ్చింది. ఎలుగు వాటిని వాసన చూసి వదిలేసింది. కొండ ఉన్న వైపుకే ముఖం పెట్టి కూర్చుంది. తవిటినాయుడు బోను పక్కన ఇటుకమీద కూర్చున్నాడు. తన పదిహేడేళ్ళ ఉద్యోగంలో చేతిమీదుగా ఒక్క ఎలుగూ చావలేదు. ఇది చావదు, దీని పిల్ల చస్తుంది, ఆ చావు ఏ కాగితంలోనూ ఉండదు. తాళంచెవి తన దగ్గరే ఉంది. విడిపించేస్తే ఉద్యోగం పోతుందని తెలుసు. బోను తలుపుకు వేలాడే చీటీవంక చూస్తూ ఆలోచించాడు. చీటీమీద త్రినాథరావు గుండ్రటి చేతిరాతతో ఖాళీ అని ఉంది. అతను ఆ మాటను మళ్ళీ చదువుకున్నాడు.

మర్నాడు ఆఫీసు తెరవగానే వెళ్ళి త్రినాథరావును ఒక ప్రశ్న అడిగాడు. ఖాళీ బోనును బయటికి తీసుకెళ్ళాలంటే ఎవరి అనుమతి కావాలి? ఖాళీ బోనుకు అనుమతేమిటి, డ్రైవరు సంతకం చాలన్నాడు త్రినాథరావు. రెండు అడుగులు వేశాక ఆయనకు ఏదో అనుమానం వచ్చి ఆగాడు. తానే రాసిన రిజిస్టరువంక చూశాడు. మళ్ళీ కూర్చుని ఇంకో ఫైలు తెరుచుకున్నాడు.

డ్రైవరు బైరాగి, తోటమాలి, మరో ఇద్దరు కలిసి బోనును వ్యానులోకి ఎక్కిస్తూ ఉండగా సంచాలకుల కారు గేటులోకి వచ్చింది. ఆయన దిగి, భుజాలతో సహా వ్యానువైపు తిరిగారు. ఎలుగు ఊచల్లోంచి ఆయన్ను చూసింది. ఆయనా దాన్ని చూశారు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం ఉంది.

“ఏమిటది?” అని అడిగారు.

“ఖాళీ బోనండి. తలుపు బిగుసుకుపోతన్నాది. కొండ మొదట్లో కాసేపు తెరిసి, మూసి తెచ్చేస్తాం” అన్నాడు తవిటినాయుడు.

ఎలుగు గుర్రుమంది. తోటమాలి నేలచూపులు చూశాడు. శేషాచలపతిగారి ముఖంలో రంగులు మారాయి. అందులో ఎలుగు ఉంది కదయ్యా అనడానికి ఆయనకు ఒక్క క్షణం చాలు. అది ఉందంటే పట్టుబడినట్టు, పట్టుబడిందంటే సూది తగిలినట్టు, తగిలిందంటే ప్రామాణిక నేత్రం రెండు వేళ్ళు పక్కకు చూసినట్టు. ఆయన మెడపట్టీ సర్దుకున్నారు.

“బోను బరువుగా ఉన్నట్టుంది” అన్నారు చివరికి.

“ఇనుం కదండీ” అన్నాడు బైరాగి.

సంచాలకులు తల ఊపబోయి, మెడ గుర్తొచ్చి మానేసి, లోపలికి వెళ్ళిపోయారు.

కొండ మొదట్లో దాలమ్మ ఎలుగును చూశానన్న రాళ్ళగుట్టకు కాస్త దూరంలో వ్యాను ఆపారు. నలుగురూ కిందామీదా పడి బోనును దించారు. తవిటినాయుడు వ్యాను పైకి ఎక్కి, తలుపుకు కట్టిన తాడు లాగాడు. ఎలుగు వెంటనే బయటికి రాలేదు. గాలి పీల్చింది. గుమ్మంలో నిలబడి మళ్ళీ పీల్చింది. తర్వాత నేల చూసుకుంటూ, కుంటకుండా, గుట్టవైపు నడిచింది. వాళ్ళతోపాటు వచ్చిన డాక్టర్ షాహిదా దాని వెనకకాలి వంకే చూస్తూ ఉంది.

గుట్ట దగ్గర చాలాసేపు ఏమీ కనిపించలేదు. ఆలస్యమైపోయిందేమోనని తవిటినాయుడు భయపడ్డాడు. అప్పుడు రాళ్ళ సందులోంచి సన్నగా మూలిగినట్టు వినబడింది. కొంచెం సేపటికి ఎలుగు గుట్ట అవతలివైపు తేలింది. దాని వీపుమీద జూలు పట్టుకుని నల్లటి ముద్ద ఒకటి వేలాడుతోంది. అది కిందికి జారడం, మళ్ళీ పైకి పాకడం వ్యాను మీదినుంచి అతనికి కనిపించింది. చెట్లు వాటిని కప్పేశాక కూడా అతను కిందికి దిగలేదు.

బైరాగి వ్యాను రిజిస్టరు తెరిచి ఏం రాయమంటావని అడిగాడు. ఉన్నదే రాయమన్నాడు తవిటినాయుడు. ఖాళీ బోను వెళ్ళినది, ఖాళీ బోను తిరిగి వచ్చినది, తలుపు బాగా పనిచేయుచున్నది అని బైరాగి రాసి సంతకం పెట్టాడు. వెళ్ళేటప్పుడు నలుగురు మోయలేక మోసిన బోనును, వచ్చేటప్పుడు ఇద్దరు ఎక్కించారు.